తిన్నది ఒంటికి పట్టాలంటే...

‘ఎంత పెట్టినా వీడికి ఒంటికి పట్టడం లేదు టీచరమ్మా...’

అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లల్ని తూచే రోజున ఏ ఊళ్లోనైనా ఈ మాట వినపడక మానదు. పిల్లాడికి ఏడాదిన్నర. పెట్టింది తింటాడు, ఆడతాడు, పేచీ పెడతాడు. కానీ మూడు నెలలుగా బరువు అక్కడే ఆగిపోయింది. వెనకే వరసలో ఉన్న పక్కింటి పిల్ల రెండు ముద్దలు తిని మూతి తిప్పేసుకుంటుంది, అయినా బుగ్గలు పూరీల్లా ఉంటాయి. తల్లి ముందు తన వంటని అనుమానిస్తుంది. తర్వాత ఎవరి కన్నో పడిందని ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తుంది. ఆ తర్వాత నట్టల మాత్ర. అప్పటికీ కాకపోతే మందుల షాపులో ఆకలి పుట్టిస్తుందని చెప్పే రంగు సీసా. ఈలోపు అత్తగారు ‘పాలు చాలకుండానే అన్నం మొదలెట్టావు’ అని ఒకరోజు, ‘అన్నం ఆలస్యంగా మొదలెట్టావు’ అని ఇంకోరోజు సాధిస్తూనే ఉంటుంది.

నట్టల అనుమానం తీసిపారేయాల్సిందేమీ కాదు. చాలాసార్లు అదే నిజం. తరచూ విరేచనాలు పట్టుకోవడం, పళ్లెంలో అన్నమూ చారూ తప్ప ఇంకేమీ లేకపోవడం... ఇవీ కారణాలే. కానీ మందు వేసి, కడుపునిండా పెట్టి, అన్నీ సరిచేసినా కొందరు పిల్లలు కోలుకోరు. కోలుకున్నట్టే కోలుకుని ఇంటికెళ్లిన రెండు నెలలకి మళ్లీ మొదటికొస్తారు. ఇలాంటి పిల్లలు ఎక్కడో ఒకరూ ఇద్దరూ అనుకుంటే పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. వీళ్లందరికీ తిండి లేకే ఇలా అయిందా అంటే, అంత సులువుగా అవునని చెప్పలేం.

‘ఒంటికి పట్టడం’ అన్న మాటని తల్లులు ఎప్పట్నుంచో వాడుతున్నారు. వైద్యశాస్త్రం మాత్రం దాన్ని అంతగా పట్టించుకోలేదు. ఇన్ని కేలరీలు, ఇంత మాంసకృత్తులు, ఇన్ని విటమిన్లు... గొంతు దిగితే ఒంటికి పట్టినట్టేనని లెక్కగట్టింది. ఆ లెక్క తప్పుతోందని తెలియడానికి చాలాకాలమే పట్టింది.

నిజానికి ఈ చిక్కుముడి హైదరాబాద్‌కి కొత్త కాదు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి తరలివచ్చింది. దానికి అధిపతిగా పనిచేసిన డాక్టర్‌ సి.గోపాలన్‌ 1968లో ఓ చిత్రమైన సంగతి బయటపెట్టారు. అప్పట్లో తీవ్రమైన పోషకాహారలోపం రెండు రకాలుగా కనిపించేది. ఒకటి మరాస్మస్‌- చర్మం, ఎముకలు తప్ప ఏమీ మిగలని పిల్లలు. రెండోది క్వాషియోర్కర్‌- కాళ్లూ మొహం ఉబ్బి, పొట్ట ముందుకొచ్చి, జుట్టు ఎర్రబడి, చర్మం పొరలుగా ఊడిపోయే పిల్లలు. చూసేవాళ్లకి ‘బొద్దుగానే ఉన్నాడుగా’ అనిపిస్తుంది, వేలితో నొక్కితే చొట్ట పడుతుంది. ఆ పేరు ఆఫ్రికాలోని ఘనా భాషల్లో ఒకదాన్నుంచి వచ్చింది. సిసిలీ విలియమ్స్‌ అనే డాక్టరమ్మ 1930లలో అక్కడ పనిచేస్తూ ఈ జబ్బు గురించి రాసింది. తల్లి మళ్లీ నీళ్లోసుకుని తమ్ముడో చెల్లెలో పుట్టాక, పాలు మానేసిన పెద్దబిడ్డకు వచ్చే జబ్బని ఆ మాటకు అర్థం. పేరులోనే రోగ లక్షణం కాకుండా రోగ కారణం ఉంది.

క్వాషియోర్కర్‌ అంటే మాంసకృత్తుల కొరత, మరాస్మస్‌ అంటే మొత్తం తిండే కొరత అని అప్పటి పుస్తకాలు చెప్పేవి. ప్రపంచమంతా మాంసకృత్తుల పొడుల వెంట పడిన రోజులవి. గోపాలన్‌ బృందం పిల్లల పళ్లేల్లోకి తొంగి చూసింది. ఉబ్బిన పిల్లలు తిన్నదీ, ఎండిన పిల్లలు తిన్నదీ ఒకటే! అదే అన్నం, అదే కొరత. ఒకే తిండి తిన్న ఇద్దరికి రెండు వేర్వేరు జబ్బులు. ఒకరి శరీరం ఆ కొరతకి ఎలాగో సర్దుకుంటోంది, ఇంకొకరిది సర్దుకోలేక చతికిలబడుతోంది- అని ఆయన వివరించారు. ఎందుకు సర్దుకోలేకపోతోంది అన్నదగ్గర కథ ఆగిపోయింది. ఆ రోజుల్లో ఉన్న పరికరాలతో అంతకుమించి చూడటం సాధ్యం కాదు కూడా.

కవలలు చెప్పిన కథ

నలభై అయిదేళ్ల తర్వాత అదే ప్రశ్న ఆఫ్రికాలోని మలావీలో మళ్లీ లేచింది. ఈసారి సాక్షులు కవల పిల్లలు. అమెరికాలోని సెయింట్‌ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్‌ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ గోర్డన్‌ బృందం, మలావీలో ఏళ్ల తరబడి పిల్లల వైద్యం చేసిన మార్క్‌ మనారీ కలిసి 317 కవల జంటల్ని పుట్టినప్పట్నుంచి మూడేళ్లు వచ్చేదాకా గమనించారు. సగం జంటల్లో ఇద్దరూ బాగానే ఉన్నారు. ఏడు శాతం జంటల్లో ఇద్దరికీ పోషకాహారలోపం వచ్చింది. మిగిలిన 43 శాతం జంటల్లో మాత్రం ఒకరికి వచ్చింది, ఇంకొకరికి రాలేదు. ఒకే తల్లి, ఒకే గుడిసె, ఒకే కుండలో మొక్కజొన్న జావ. పొరుగింటి పిల్లలతో పోల్చినప్పుడు ‘వాళ్ల తిండి వేరు, వాళ్ల ఇల్లు వేరు’ అని తప్పించుకోవచ్చు. ఇక్కడ ఆ వీల్లేదు.

తేడా ఎక్కడుందో వెతుకుతూ పరిశోధకులు పిల్లల మలాన్ని పరీక్షించారు. ఇద్దరి పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా వేరు. అంతటితో ఆగితే అది కారణమో పర్యవసానమో తేలదు కదా! అందుకని పుట్టుకతోనే ఒంట్లో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా గాజుగదుల్లాంటి గూళ్లలో పెంచిన ఎలుకల్ని తెచ్చారు. కొన్నిటికి జబ్బుపడిన బిడ్డ బ్యాక్టీరియాని, కొన్నిటికి ఆరోగ్యంగా ఉన్న కవల బ్యాక్టీరియాని ఎక్కించారు. రెండు గుంపులకీ మలావీ పల్లె తిండే పెట్టారు. జబ్బుపడిన బిడ్డ బ్యాక్టీరియా ఎక్కిన ఎలుకలు బాగా చిక్కిపోయాయి. అదే బ్యాక్టీరియా ఉన్నా మామూలు ప్రయోగశాల మేత తిన్నవి అంతగా చిక్కలేదు. అంటే నేరం బ్యాక్టీరియా ఒక్కదానిదే కాదు, తిండి ఒక్కదానిదే కాదు. రెండూ జతకట్టినప్పుడే దెబ్బ. వేరుశనగ ముద్ద పెడితే చిక్కిన ఎలుకలు తేరుకున్నాయి, మళ్లీ పాత తిండికి రాగానే పాత కథే మొదలైంది. 2013లో ఈ ఫలితాలు ‘సైన్స్‌’ పత్రికలో వచ్చాయి. క్వాషియోర్కర్‌ గుట్టంతా దీంతో తేలిపోయిందని కాదు, ఉబ్బు ఎందుకొస్తుందన్నది ఈ ఎలుకలు చెప్పలేదు. కానీ ‘సర్దుకోలేకపోవడం’ వెనక ఎవరి చేయి ఉందో మొదటిసారి చూచాయగా కనపడింది.

ఆ ఏడాదే మలావీ నుంచి ఇంకో ఫలితం వచ్చి అందర్నీ తికమకపెట్టింది. తీవ్రంగా చిక్కిపోయిన 2,767 మంది పిల్లలకి వేరుశనగ ముద్దతోపాటు కొందరికి వారం రోజులు యాంటీబయోటిక్‌ ఇచ్చారు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 7.4 శాతం మంది చనిపోతే, అమాక్సిసిలిన్‌ తీసుకున్నవాళ్లలో 4.8 శాతం మందే చనిపోయారు. పేగుల్లో ఏదో చెడు గుంపు తిష్ఠ వేసి ఉంటుందన్న అనుమానానికి ఇది బలమే. అలాగని ప్రతి బక్కపిల్లాడికీ యాంటీబయోటిక్‌ పోయమని కాదు. నైజర్‌లో ఇదే పని చేసి చూస్తే 2016లో అంత మేలు కనపడలేదు. జలుబు చేసినా దగ్గు వచ్చినా చీటీ లేకుండా యాంటీబయోటిక్‌ సీసా కొనిపోసే అలవాటున్న చోట ఈ సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పుకోవాలి. ఆ మందు చెడ్డవాటినే ఏరి చంపదు. దారిలో అడ్డొచ్చిన మంచివాటినీ తుడిచేస్తుంది.

పంక్తిలో ఇంకా ఎవరున్నారు?

ఇంతకీ ఎవరీ బ్యాక్టీరియా? ఒక మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఇజ్రాయెల్‌ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. (మన కణాలకన్నా అవి పదిరెట్లు ఎక్కువ అని చాలాకాలం చెప్పుకున్న మాట ఆ లెక్కతో చెల్లకుండా పోయింది.) అన్నీ కలిపి తూచినా 200 గ్రాములుండవచ్చు. వీటిలో అత్యధికం పెద్దపేగులో కాపురం ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచుని ఇవి పులియబెట్టి చిన్న చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిలో బ్యూటిరేట్‌ అనేది పెద్దపేగు లోపలి గోడ కణాలకి ముఖ్యమైన తిండి. కె విటమిన్‌నీ, కొన్ని బి విటమిన్లనీ తయారుచేస్తాయి. కొత్తగా వచ్చిన రోగక్రిములకి చోటివ్వవు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరితో పోరాడాలో ఎవరిని ఊరుకోనివ్వాలో పసివాడి రోగనిరోధక వ్యవస్థకి నేర్పేది ఇవే.

కాన్పు సమయంలోనే ఈ వలస మొదలవుతుంది. మామూలు కాన్పులో బిడ్డకి తల్లి నుంచి తొలి దండు అందుతుంది. సిజేరియన్‌ బిడ్డకి ఆ దండు ఆలస్యంగా చేరుతుంది, ఆసుపత్రి గాలిలో, చేతుల మీద ఉన్నవి ముందు వచ్చి కూర్చుంటాయి. నెలలు గడిచేకొద్దీ ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది కాబట్టి సిజేరియన్‌ అయిన తల్లులు బెంగపడాల్సింది లేదు. అవసరం లేకుండా కత్తి పట్టేవాళ్లే కాస్త ఆలోచించాలి. పైన చెప్పిన సర్వేలోనే తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లని తేలింది.

ఇక తల్లిపాల సంగతి. అందులో లాక్టోజు, కొవ్వుల తర్వాత అంత ఎక్కువగా ఉండేవి ఒకరకం సంక్లిష్టమైన చక్కెరలు. విచిత్రమేమిటంటే వాటిని బిడ్డ అరిగించుకోలేడు! అరిగించుకునే సరంజామా మనిషి పేగుకి లేనేలేదు. మరి తల్లి ఒంట్లో అంత శ్రమపడి వాటిని తయారుచేయడం ఎవరికోసం? బిఫిడోబ్యాక్టీరియా కోసం. పసివాడి పేగుల్లో ఉండే ఆ జాతి ఆ చక్కెరల్ని తిని పెరుగుతుంది. బిడ్డకి పాలు పడుతున్నానని తల్లి అనుకుంటుంది కానీ, ఆ పంక్తిలో కూర్చున్నది బిడ్డ ఒక్కడే కాదు. ఆకు వేయాల్సినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

ఆ పంక్తిలో సరైనవాళ్లని కూర్చోబెడితే ఏమవుతుందో ఒడిశా పల్లెలు చూపించాయి. డాక్టర్‌ పినాకి పాణిగ్రాహి బృందం అక్కడ 4,556 మంది నవజాత శిశువులతో చేసిన ప్రయోగం 2017లో ‘నేచర్‌’లో వచ్చింది. తల్లిపాలు తాగుతున్న, రెండు కిలోలకి తగ్గని బిడ్డలు వీళ్లు. సగంమందికి ఏడు రోజులపాటు లాక్టోబాసిల్లస్‌ ప్లాంటారమ్‌ అనే ఒక బ్యాక్టీరియాని, దానికి మేతగా కాస్త చక్కెరలాంటి పీచునీ కలిపి నోట్లో వేశారు. మిగతావాళ్లకి ఉత్తుత్తి మందు. రెండు నెలలు గమనిస్తే, ఉత్తుత్తి మందు వేసినవాళ్లలో నూటికి 9 మంది రక్తానికి విషం పాకే ఇన్ఫెక్షన్‌ బారినో మరణం బారినో పడ్డారు. బ్యాక్టీరియా వేసినవాళ్లలో ఆ సంఖ్య 5.4. ఇంత తేడా ముందే తేలిపోవడంతో అనుకున్నదానికన్నా ముందే ప్రయోగాన్ని ఆపేశారు. మొత్తం మందు ఖర్చు ఒక డాలరు! అయితే ఇది మందుల షాపులో దొరికే ఏదో ఒక ప్రొబయోటిక్‌ పొట్లం కాదు. ఏళ్ల తరబడి వెతికి, పసివాళ్ల పేగుల్లో నిలదొక్కుకుంటుందని నిర్ధరించుకున్న ఒకానొక రకం. ఆ తేడా తెలియకుండా పొట్లాలు చింపి పోస్తే వచ్చే ప్రయోజనం అనుమానమే.

పేగుకీ ఉంటుంది వయసు

మళ్లీ మన ఏడాదిన్నర పిల్లాడి దగ్గరికొద్దాం. అలాంటి పిల్లలు వేలమంది ఉండే చోటు ఢాకా నగరంలోని మీర్‌పూర్‌ మురికివాడ. అదే నగరంలో అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం ఉంది. విరేచనాలకి ఉప్పూ పంచదారా నీళ్లు ప్రాణం పోస్తాయని 1968లో ప్రపంచానికి చాటిన చోటు అదే. అక్కడి డాక్టర్‌ తహ్మీద్‌ అహ్మద్‌, అమెరికాలోని గోర్డన్‌ చేతులు కలిపారు.

వాళ్లు మొదట జబ్బు పిల్లల్ని చూడలేదు. మీర్‌పూర్‌లోనే ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లల్ని ఎంచుకుని, పుట్టినప్పట్నుంచి రెండేళ్లదాకా నెలనెలా మలం పరీక్షించారు. పళ్లు వచ్చే వయసు, నడిచే వయసు ఉన్నట్టే పేగుల్లో ఏ నెలకి ఏ బ్యాక్టీరియా రావాలో దానికీ ఓ వరస ఉందని తేలింది. 24 రకాల బ్యాక్టీరియాని చూస్తే చాలు, ఆ బిడ్డ వయసు ఎంతో చెప్పేయవచ్చు. ఆ కొలబద్దతో తీవ్రంగా చిక్కిపోయిన పిల్లల్ని కొలిచారు. ఏడాదిన్నర పిల్లాడి పేగులో అంతకన్నా ఎంతో పసివాడి బ్యాక్టీరియా ఉన్నాయి! పిల్లాడు ఎదగకపోవడమే కాదు, వాడి కడుపులో కాపురమున్న ఊరు కూడా ఎదగలేదు. ఆసుపత్రిలో పెట్టి బలమైన తిండి పెడితే బరువు పెరిగింది, బ్యాక్టీరియా కాస్త ఎదిగాయి, ఇంటికెళ్లాక మళ్లీ వెనకబడ్డాయి. 2014లో ఈ ఫలితాలు వచ్చాయి. ‘కోలుకున్నట్టే కోలుకుని మళ్లీ మొదటికి’ అన్న తల్లుల ఫిర్యాదుకి దొరికిన మొదటి జవాబు ఇదే అనుకోవచ్చు.

మరి వెనకబడ్డ ఆ ఊరిని ఎదిగించడం ఎలా? బ్యాక్టీరియాని తెచ్చి పోయడం కాదు, కావలసినవాటికి ఇష్టమైన మేత వేయాలి అనుకున్నారు వాళ్లు. మీర్‌పూర్‌ ఇళ్లలో దొరికే తిండినే ఒక్కొక్కటిగా ఎలుకల మీద, ఆ తర్వాత పందిపిల్లల మీద పరీక్షించారు. పిల్లలకి బలమని అందరూ నమ్మే బియ్యం, పాలపొడి ఆ బ్యాక్టీరియాకి అంత ప్రీతికరం కాలేదు. చివరికి నెగ్గిన మిశ్రమంలో ఉన్నవేమిటో తెలిస్తే ఎవరైనా వంటింటి అల్మరా వైపు చూస్తారు. శనగపిండి, సోయాపిండి, వేరుశనగ, పచ్చి అరటికాయ! వీటికి కాస్త చక్కెర, నూనె, విటమిన్ల పొడి కలిపారు.

ఈ మిశ్రమాన్ని, మామూలుగా వాడే బియ్యం-పప్పు-పాలపొడి మిశ్రమాన్ని పోల్చిన ప్రయోగం 2021లో ‘న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌’లో వచ్చింది. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసున్న, ఓ మోస్తరుగా చిక్కిన పిల్లలు. మొత్తం 118 మంది చివరిదాకా ఉన్నారు. రోజుకి రెండుసార్లు, మూడు నెలలు. కొత్త మిశ్రమంలో కేలరీలు పాతదానికన్నా దాదాపు అయిదో వంతు తక్కువ. పాత లెక్క ప్రకారమైతే అది తిన్న పిల్లలు తక్కువ పెరగాలి. కానీ పొడవుకు తగ్గ బరువు పెరిగే వేగం వాళ్లలోనే దాదాపు రెట్టింపు ఉంది. ఇరవైకి పైగా రకాల బ్యాక్టీరియా ఈ పెరుగుదలతోపాటు పెరిగాయి. రక్తంలో ఎముకల ఎదుగుదలకీ, నాడుల ఎదుగుదలకీ సంబంధించిన ప్రొటీన్లూ పెరిగాయి. తక్కువ పెడితే ఎక్కువ ఒంటికి పట్టింది!

ఇక్కడ కాస్త ఆగాలి. 118 మంది అంటే చిన్న ప్రయోగం. మూడు నెలల్లో ఎత్తులో తేడా ఏమీ కనపడలేదు. ‘రెట్టింపు’ అన్నమాట పెద్దగా వినిపించినా ఒక్కో బిడ్డ మీద అది కొద్దిపాటి బరువే. చివరికి తేలినది ‘శనగపిండి పెడితే పిల్లలు లావవుతారు’ అని కాదు. ఏ తిండి పేగులోని ఏ జీవికి చేరుతుందో చూసి కూడా పిల్లల ఆహారాన్ని రూపొందించవచ్చని.

మరుగుదొడ్లు కట్టి, నీళ్లు శుభ్రం చేసి, చేతులు కడిగిస్తే పిల్లలు ఎత్తు పెరుగుతారా అని బంగ్లాదేశ్‌, కెన్యా, జింబాబ్వేల్లో పెద్దఎత్తున చూశారు. బంగ్లాదేశ్‌లో విరేచనాలైతే తగ్గాయి కానీ 2018లో వచ్చిన ఫలితాల్లో మూడుచోట్లా ఎత్తు పెరగలేదు. మురికివాడ పిల్లాడి పేగు గోడ అప్పటికే దెబ్బతిని ఉండటం, లోపలి ఊరు అప్పటికే చెదిరిపోయి ఉండటం ఒక కారణం కావచ్చంటారు. దీన్ని పట్టుకుని మరుగుదొడ్డి దండగ అనేవాళ్లూ ఉంటారు. ఇల్లు కాలుతున్నప్పుడు మంట ఆర్పడం వేరు, కాలిపోయిన దూలం మార్చడం వేరు. రెండూ చేయాల్సిందే.

ఉగ్గుగిన్నెలో ఏముంది?

ఈ కబుర్లు చదివి రేపట్నుంచి పిల్లాడికి శనగపిండి జావ ఒక్కటే పెడదామనుకునే తల్లులుంటారు. వద్దు. దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువున్న బిడ్డ (ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు) తీవ్రంగా చిక్కినట్టు లెక్క. రెండు పాదాలూ ఉబ్బి, నొక్కితే చొట్ట పడుతున్నా అంతే. వాళ్లని పోషకాహార పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాలి, ఇంటి వైద్యం పనికిరాదు. కొలిచే టేపు అంగన్‌వాడీలో ఉంటుంది, అరనిమిషం పని.

మిగతావాళ్ల విషయంలో తెలుగు ఇళ్లకి దారి కొత్తదేం కాదు. ఆరు నెలలు నిండాక పెట్టే ఉగ్గులో బియ్యంతోపాటు పెసరపప్పో, కందిపప్పో, మినప్పప్పో దోరగా వేయించి విసిరేవారు. క్రమంగా పప్పులు తగ్గి బియ్యం మిగిలింది. ఆ తర్వాత డబ్బా పొడి వచ్చి తిరగలినే అటకెక్కించింది. అంగన్‌వాడీలిచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. చాలా ఇళ్లలో ఆ పొట్లం బిడ్డ ఒక్కడికే చేరదు, ఇంటిల్లిపాదికీ లడ్డూలవుతుంది. కేరళలో పచ్చి అరటికాయని ఎండబెట్టి పొడిచేసి పసివాళ్లకి జావ కాస్తారు, తెలుగు వంటింట్లో అరటికాయ వేపుడుకీ బజ్జీకీ తప్ప పసివాడి గిన్నెలోకి రాదు. వేరుశనగ పండించే అనంతపురంలోనూ అది పిల్లల జావలోకి చేరితే మంచిదే. బూజు పట్టిన గింజలు మాత్రం ఏరి పారేయాలి, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. చిన్నపిల్లలకి గింజలు గింజలుగా ఇవ్వకూడదు, గొంతులో అడ్డంపడితే ప్రాణం మీదకొస్తుంది. మెత్తటి పొడే ఇవ్వాలి.

పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: పెరుగు తింటే చాలదా? పెరుగు మంచిదే, పెరుగన్నం లేనిదే భోజనం ముగియని ఇళ్లలో దాన్ని కాదనడం ఎవరితరం! అయితే పెరుగులోని బ్యాక్టీరియాలో ఎక్కువభాగం చుట్టాల్లాంటివి, వచ్చిన రెండు మూడు రోజుల్లో వెళ్లిపోతాయి. స్థిరంగా ఉండేవాళ్లకి కావలసింది పప్పులు, చిక్కుడు, గోరుచిక్కుడు, ఆకుకూరలు, జొన్న, రాగి, అరటికాయ... అంటే పీచు. అదీ ఒక్క రకం కాదు, రకరకాలు.

ఢాకా బృందం ఆ మిశ్రమంలోని శక్తి ఎక్కడుందో ఇంకా లోతుగా వెళ్లి చూసింది. 2024లో వచ్చిన ఫలితాల ప్రకారం ప్రివొటెల్లా కోప్రి అనే బ్యాక్టీరియాలోని కొన్ని రకాలు ఆ పిండ్లలో ఉన్న సంక్లిష్టమైన పీచు చక్కెరల్ని విడగొట్టగలుగుతున్నాయి. అవి ఉన్న పిల్లలే ఎక్కువ పెరిగారు. మొక్కల నుంచి వచ్చే ఆహారం ఎక్కువగా తినేవాళ్ల పేగుల్లో ఈ జాతి మామూలుగా కనిపిస్తుంది. మరి బిడ్డకి అది ఎక్కణ్నుంచి వస్తుంది? ఎలుకల్లో చూశారు. తల్లి ఎలుకకి ఆ బ్యాక్టీరియాని ఇస్తే పిల్లలకి అంటుకుంది. ఆ తర్వాత అదే మిశ్రమం పెడితే ఆ పిల్లలే ఎక్కువ బరువు పెరిగాయి.

అందుకే అంగన్‌వాడీ తక్కెడ ముందు పిల్లాడు ఏం తింటున్నాడని అడిగేటప్పుడు తల్లి ఏం తింటోందనీ అడగాలి. చాలా ఇళ్లలో ఆవిడ ఆఖరున కూర్చుంటుంది. అప్పటికి గిన్నెలో కూర అయిపోయి ఉంటుంది. అన్నం, పచ్చడి, చివర్న కాస్త మజ్జిగ.